జడ్జిగారి వెనక కాళ్ళు

జూన్ 3

పెద్ద నర్సమ్మగారికి,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనాలో ఉత్తర్వు అనాలో తెలియలేదు. పొద్దున ఇంత నడక, మధ్యాహ్నం ఇన్ని నీళ్ళు, సాయంత్రం కాళ్ళు పట్టాలి, చెవులు తుడవాలి, గుండె మాత్ర మర్చిపోకూడదు అని అన్నీ అంకెలు వేసి మరీ రాశావు. ఇది స్కూళ్ళు తెరిచే నెల. షాపు నిండా బడిపిల్లల యూనిఫారాల గుడ్డలు గుట్టలుగా పడున్నాయి. గుండీలు కుట్టే ఈ చేత్తోనే నీ కుక్క కాళ్ళు కూడా పడుతున్నాను. ఆ సంగతి నీకు గుర్తు చేయాల్సి వస్తోంది.

గని ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందనీ, అక్కడి క్వార్టర్సులో కుక్కల్ని రానివ్వరనీ చెప్పి, "రెండేళ్ళేగా అక్కా" అంటూ జడ్జిగారిని నా షాపు గుమ్మంలో దింపేసి వెళ్ళావు. అప్పుడు ఆయనగారికి మెట్లెక్కే కాళ్ళుండేవి. ఇప్పుడు లేవాలంటే ముందు కాళ్ళ మీద లేచి, వెనక భాగం ఎవరో తెచ్చిస్తారన్నట్టు అలా ఆగిపోతున్నాడు. మొహం మాత్రం మారలేదు. ఇప్పటికీ షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ శిక్ష వేసేలాగే చూస్తాడు.

పశువుల డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. తుంటి కీళ్ళు రెండూ అరిగిపోయాయట, కుడి మోకాలు వాచిందట. కీళ్ళవాతం. అదొక్కటే అయితే మందుందట. కానీ రక్తం పరీక్ష చేస్తే కిడ్నీలు కూడా సగం పైన చేతులెత్తేశాయని తేలింది. గుండె చప్పుడు సంగతి నీకు ముందే తెలుసు. నొప్పికి మామూలుగా ఇచ్చే మందు కిడ్నీల్ని ఇంకా పాడుచేస్తుంది కాబట్టి ఇవ్వకూడదని కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. బరువు తగ్గించమంది, గోళ్ళు కత్తిరించమంది, నేల జారకుండా చూడమంది, కాపడం పెట్టి కొంచెం కొంచెంగా నడిపించమంది.

అవన్నీ చేస్తున్నాను. గచ్చు మీద రబ్బరు పట్టాలు పరిచాను. మిగిలిన కర్టెను గుడ్డతో, లోపల పాత కంబళి పెట్టి, పొట్ట కింద వేసి పైకి పట్టుకునే పట్టీ కుట్టాను. రెండు పిడులు పెట్టాను. మీ బావ అది పట్టుకుని వాణ్ణి వీధి చివరిదాకా నడిపిస్తారు. ముప్ఫై ఏళ్ళు బస్సు క్లచ్చి తొక్కిన మోకాళ్ళు ఆయనవి, అరిగిన తుంటి వాడిది. ఇద్దరూ ఒకే వైపు ఒరుగుతూ వెళ్తుంటే టీ కొట్టువాడు పని ఆపి చూస్తాడు.

ఇక మీదట అంకెలు వేసి రాయకు.

నీ అక్క


జూన్ 14

అక్కకి,

నీ వెటకారం అంతా చదివాను. ఇప్పుడు నా కడుపుమంట నువ్వు చదువు.

లేవలేకపోతున్నాడని రాశావు, మోకాలు వాచిందని రాశావు. ఆ కింద తాపీగా కర్టెను గుడ్డ, రెండు పిడులు! వాడికి నొప్పిగా ఉందే! కుక్క "అమ్మా" అనలేదు కాబట్టి నీకు అర్థం కాలేదా? మా ఆసుపత్రికి రోజూ మోకాళ్ళు పట్టుకుని, నడుము పట్టుకుని గనిలోంచి మనుషులు వస్తారు. "మీ కింద రబ్బరు పట్టా వేస్తాం, పడుకోండి" అని చెప్పి పంపిస్తే ఊరుకుంటారా? నా కొప్పు ఊడేదాకా కొడతారు. నొప్పి అన్నవాడికి ముందు నొప్పి తగ్గించాలి, తరవాతే ఏ సంగతైనా. ఆ డాక్టరమ్మకి చేతకాక కిడ్నీల మీద పెట్టి తప్పించుకుంటోంది. వేరే డాక్టరుకి చూపించు.

ఇక్కడి సంగతి చెప్పాలంటే, ఎర్ర దుమ్ము. ఉతికిన దుప్పటి ఆరేలోపే ఎర్రగా అవుతుంది. ఫోను ఆఫీసులో ఒక్కటే ఉంది, దాని మీద గుమాస్తా కొండచిలువలా చుట్టుకుని కూర్చుంటాడు. ఉత్తరాలు వారానికోసారి సరుకుల లారీలో వస్తాయి. మా మేట్రను నా మీద పగ పట్టినట్టు రోజూ కట్లు కట్టే గదే వేస్తోంది. ఇవన్నీ పళ్ళు బిగించుకుని భరిస్తున్నాను. వాడికి నొప్పిగా ఉందంటే మాత్రం నా వల్ల కావట్లేదు.

మన ఇంట్లో ఉత్తరం వస్తే భోజనాల దగ్గర గట్టిగా చదవడం అలవాటే కదా. ఈ ముక్క బావకి కూడా వినపడేలా చదువు. ఒక ప్రాణి కళ్ళ ముందు మూలుగుతుంటే చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు, దాని మీద ప్రేమ ఉందంటే నేను నమ్మను. ఎవరైనా సరే.

బావకి ఉన్ని సాక్సులు పంపుతున్నాను. నీకేమీ పంపట్లేదు.

నీ చెల్లి


జూన్ 26

చెల్లెమ్మా,

చదవమన్నావుగా, చదివాను. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిద్దామనుకున్నాను. మళ్ళీ నాకే రోషం వచ్చింది, విననీ అని గట్టిగానే చదివాను. మీ బావ చెయ్యి కడుక్కుని లేచిపోయారు. పళ్ళెంలో సగం అలాగే ఉంది. నన్ననుకో, పడతాను. పుట్టినప్పట్నించీ పడుతున్నాను. వాడి మూత్రం గుడ్డలు సైతం తనే ఉతికే మనిషిని అనడానికి నీకు నోరెలా వచ్చిందే?

సరే, ఇప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకుని విను. మొన్న నేను పైన వంటింట్లో ఉంటే వెనక నుంచి పిక్కకి తడి ముక్కు తగిలింది. జడ్జిగారు! షాపులోంచి మెట్లన్నీ ఎక్కి, పట్టీ లేకుండా, ఎవరూ పట్టుకోకుండా వచ్చి నిలబడ్డారు. నా చేతిలో గరిటె కింద పడింది. దాన్ని నాకడానికి వంగాడు, మళ్ళీ లేచాడు కూడా. అప్పట్నించీ రోజూ ఎక్కుతున్నాడు. వీధి చివరి టీ కొట్టు వాడికి ఇప్పుడు ఒక లెక్కే కాదు, బస్సు డిపో దాకా వెళ్ళి వస్తున్నారట ఇద్దరూ.

కాబట్టి, నర్సమ్మా, ఏ నొప్పి మాత్రా లేకుండానే నా రబ్బరు పట్టాలూ, నా కాపడం, నా కర్టెను గుడ్డా పని చేశాయి. డాక్టరమ్మ చెప్పినట్టు తిండి తగ్గించాను, పొట్ట కూడా తగ్గింది. కొంచెం ఎక్కువే తగ్గింది, ఈ మధ్య పెట్టింది కూడా వదిలేస్తున్నాడు. ఎండలకి కాబోలు. చెయ్యెత్తి దణ్ణం పెట్టక్కర్లేదు గానీ, తప్పుగా అన్నానని ఒక్క ముక్క రాయి. అది కూడా భోజనాల దగ్గరే చదువుతాను.

మీ బావ మోకాళ్ళే ఈ మధ్య బాగా మొరాయిస్తున్నాయి. గుమ్మం దిగాలన్నా గోడ పట్టుకుంటున్నారు. అడిగితే విననట్టు వెళ్ళిపోతారు. సాక్సులు అందాయి.

నీ అక్క


జూలై 6

అక్కా,

తప్పుగా అన్నానని రాయను. ఎందుకంటే నాకు నమ్మకం కుదరట్లేదు.

రబ్బరు పట్టా, కాపడం మంచివే. అవి వాడికి పడకుండా నిలబడే ధైర్యం ఇస్తాయి. కానీ లేవలేనివాడు అంతలోనే మెట్లెక్కి డిపో దాకా తిరిగిరావడం వాటి వల్ల జరగదు. అలా జరిగితే గనివాళ్ళు మా ఆసుపత్రి మూసేసి నిన్ను తెచ్చి పెట్టుకుంటారు. నువ్వు వాడికి ఏదో మందు ఇస్తున్నావు. ఇమ్మని నేనే మొత్తుకున్నాను కాబట్టి, ఇచ్చానని ఒప్పుకుంటే నా మాట నెగ్గినట్టవుతుందని దాస్తున్నావు. చిన్నప్పుడు నా జడ కత్తిరించి ఎలకలు కొట్టేశాయని చెప్పిన మనిషివి. నీ సంగతి నాకు తెలియదా?

ఇస్తే ఇచ్చావు, నేనేమీ అనను. పేరు రాయి, ఎంత ఇస్తున్నావో రాయి. తిండి వదిలేస్తున్నాడని తేలిగ్గా ఒక ముక్క రాసి పారేశావు, అదే నాకు నచ్చలేదు. నీళ్ళు ఎక్కువ తాగుతున్నాడా? వాంతి చేసుకున్నాడా? దొడ్డికి నల్లగా వెళ్తున్నాడేమో చూడు. వెంటనే రాయి. ఎండల మీదా, వానల మీదా నెట్టకు.

నా డ్యూటీ మళ్ళీ కట్ల గదే.

నీ చెల్లి


జూలై 18

ఏమని పిలవాలో తెలియని చెల్లికి,

నీ ఉత్తరం వచ్చిన రోజే జడ్జి కుప్పకూలాడు.

షాపులో ఒక తల్లి కూతురికి కొలతలు ఇప్పిస్తోంది. వీడు లేచి, రెండడుగులు వేసి, ఆ పిల్ల బూట్ల మీద వాంతి చేసుకుని అక్కడే ఒరిగిపోయాడు. వాంతిలో నెత్తురు ఉంది. మీ బావా నేనూ పట్టీలో వేసుకుని ఆటోలో డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయాయి. సెలైను పెట్టారు. కడుపులో పుండు పడి నెత్తురు కారుతోందట, కిడ్నీలు ఇంకా దిగజారాయట.

డాక్టరమ్మ నన్నే చూస్తూ అడిగింది, "ఏం మాత్ర ఇచ్చారమ్మా?"

"ఏమీ ఇవ్వలేదు."

"ఇది మాత్ర చేసిన పనే. మనుషుల నొప్పి మాత్ర. దాచకండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరిముందూ అరిచాను. నా కుట్టు మిషను మీద ఒట్టేసి చెప్పాను. మీ బావ ఒక్క మాట సాయం రాలేదు. బల్ల మీద వాడి తల పట్టుకుని గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. మొగుడు కూడా నమ్మట్లేదు కాబోలు అనుకుని నాకు ఏడుపొచ్చింది. ఇంటికొస్తే గుమ్మంలో నీ ఉత్తరం. "ఏదో ఇస్తున్నావు, దాస్తున్నావు." అందరూ కూడబలుక్కుని నన్ను బోనులో నిలబెట్టినట్టుంది.

మీ ఆసుపత్రికి ఫోను చేశాను. ఆ గుమాస్తా "మనిషికా, కుక్కకా?" అని అడిగాడు. కుక్కకి అన్నాను. పెట్టేశాడు.

కూర్చుని ఆలోచిస్తే నాకొకటే తట్టింది. సాక్సుల పొట్లంలో ఏమైనా పెట్టి మీ బావకి పంపావా? వేరే డాక్టరుకి చూపించమన్నది నువ్వు. డాక్టరమ్మకి చేతకాదన్నది నువ్వు. మందులు చేతికందే చోట ఉన్నదీ నువ్వే. నా మీద నమ్మకం లేక నా వెనకనించి నడిపించావా? నిజం చెప్పు. అలా చేసుంటే జన్మలో నీ మొహం చూడను.

వాడింకా అక్కడే ఉన్నాడు. కళ్ళు తెరిచాడు.

అక్క


జూలై 27

అక్కా,

సాక్సుల్లో కాళ్ళే పెడతారు, మందులు కాదు. నీకు మతిపోయిందా? కిడ్నీలు చెడిన ప్రాణికి చాటుగా మందు పంపేదాన్నే అయితే, దొడ్డి రంగు చూడమని నీకెందుకు రాస్తాను? ఇస్తే నీకే చెప్పి, నీతో తిట్లు తిని, నీ చేతే ఇప్పించేదాన్ని. దొంగతనంగా చేసే అలవాటు మన ఇంట్లో ఎవరికుందో ఇంతకుముందే రాశాను.

డాక్టరమ్మని మారుస్తావో నెత్తిన పెట్టుకుంటావో నీ ఇష్టం. కానీ ఇప్పట్నించీ వాడి నోట్లో ఒక్క నొప్పి మాత్ర పడకూడదు. ఏ రకందీ పడకూడదు. కడుపు మానాలి, కిడ్నీలు నిలబడాలి. నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో పెట్టు. జనవరిలో నా ఒప్పందం అయిపోతుంది. అప్పటిదాకా వాణ్ణి నిలబెట్టు. నేను అడిగేది ఇదొక్కటే.

మరి మాత్ర ఎక్కణ్ణించి వచ్చినట్టు? ఇంట్లో ఉండేది ఇద్దరే. నువ్వు కాదంటున్నావు, నేను ఇక్కడున్నాను. రెండేళ్ళుగా మోకాళ్ళకి మాత్రలు మింగుతున్నదెవరో నీకు నేను చెప్పాలా?

చెల్లి


ఆగస్టు 8

చెల్లీ,

నీ ఉత్తరం భోజనాల దగ్గరే విప్పాను. పౌరుషం కదా నాకు, నువ్వు నన్ను తిట్టినవన్నీ ఆయన కూడా వినాలని మొదట్నించీ గట్టిగా చదువుకుంటూ పోయాను. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆయన తలెత్తకుండా చెప్పారు, "మాటలు మింగకు. ఆ పిల్ల రాసింది నిజమే. నా మాత్రలో సగం వాడికి పెట్టాను."

నువ్వు "చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు" అని రాసిన రోజు పళ్ళెం వదిలి లేచిపోయారని చెప్పానే, ఆ మర్నాటి నుంచి మొదలుపెట్టారట. రోజూ మాత్ర విరిచి, సగం తను మింగి, సగం వాడికి రొట్టె ముక్కలో పెట్టి. "నాకూ వాడికీ ఒకటే నొప్పి, ఒకటే మందు అనుకున్నాను" అన్నారు. అందుకే వాడు మెట్లెక్కాడు, ఈయన గోడ పట్టుకున్నారు. నేను ఒకటేమో నా కర్టెను గుడ్డ మహిమ అనుకున్నాను, రెండోది వాన గాలి అనుకున్నాను. డాక్టరమ్మ ముందు నోరెందుకు విప్పలేదంటే, వాడు బతుకుతాడో లేదో తేలేదాకా నాలుక తిరగలేదట.

ఎంత అరిచానో పక్కింటివాళ్ళనడుగు. కత్తెర విసిరేశాను. ఆయన మీద కాదులే, గోడ మీద. ఆ తరవాత నా కోపం మళ్ళీ నీ మీదికే వచ్చింది. చెప్పిన పని చెప్పినట్టు చేసుకుపోయే మనిషిని అలా పొడిచావు. వినపడేలా చదవమన్నావు. నేను కూడా రోషానికి పోయి చదివాను. అందులో నీ పాలు నువ్వు తీసుకో, నా పాలు నేను తీసుకున్నాను.

జడ్జి ఇంటికొచ్చాడు. ఎముకల గూడులా ఉన్నాడు. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, కసరకుండా చెప్పింది. ఇప్పుడు రెండే దారులట. మందు లేకుండా ఇలాగే పథ్యంతో, కాపడంతో జాగ్రత్తగా నెట్టుకొస్తే ఈ ఏడాది గడుస్తాడేమో. కానీ లేవడు. లేపినప్పుడల్లా బాధపడతాడు. నరాల నొప్పి మందు చాలా కొంచెంగా వేసి చూసింది, దానికి మత్తుగా పడుకోవడం తప్ప నొప్పి తగ్గలేదు. రెండోది, కడుపు మానింది కాబట్టి, కుక్కల కోసమే చేసిన నొప్పి మందు ఒకటి, అతి తక్కువ మోతాదులో, కడుపుని కాపాడే మందుతో కలిపి. నడుస్తాడు. తింటాడు. కిడ్నీలు మాత్రం త్వరగా పోతాయి. జనవరి దాకా ఉంటాడని తను చెప్పలేనంది.

కుక్క నీది. ఏది కావాలో నువ్వు చెప్పు.

కింద మీ బావ రెండు ముక్కలు రాస్తారట.

అక్క

మరదలికి. మీ అక్క రాసిందంతా నిజం. తప్పు నాదే, నాకు వాదన లేదు. నా మాత్రల సీసా ఇప్పుడు మీ అక్క తాళం వేసి పెట్టుకుంది, మంచి పని చేసింది. ఒక్కటి చెప్పాలి. ఆ నాలుగు రోజులూ వాడు నాతో డిపోకి వచ్చాడు. నేను నడిపిన పాత బస్సు చక్రం మీద కాలెత్తాడు, మూడు కాళ్ళ మీద గట్టిగా నిలబడి. కండక్టర్లు చప్పట్లు కొట్టారు. నా మాత్ర సంగతి మర్చిపో. డాక్టరమ్మ మందు సంగతి ఆలోచించు. నన్ను తిట్టాలనుంటే తిట్టు. బావ.


ఆగస్టు 17

అక్కకి,

రెండో దారి వద్దు.

బావకి నేను వేరే ఏమీ రాయను. ఇప్పుడు రాస్తే వచ్చేవి మంచి మాటలు కావు. బస్సు నడిపినంత కాలం ఎవరైనా ప్రయాణికుడు తోచినట్టు స్టీరింగు తిప్పితే ఊరుకునేవారా అని మాత్రం అడుగు. నా ఉత్తరం వల్లే జరిగిందంటున్నావు. నేను మాత్ర విరిచి పెట్టమన్నానా? నొప్పి చూడమన్నాను, డాక్టరుని మార్చమన్నాను. నా నోరు చెడ్డదే. ఇంతమంది కలిసి వాడి కిడ్నీలు తగలేసింది చాలు. ఉన్న కాస్తా మళ్ళీ మందు పేరుతో నేనే తగలెయ్యమని రాయాలా? నా చేత రాయించకు.

జనవరి దాకా వాడు ఉండాలి. లేవకపోతే లేవక్కర్లేదు. నేను వచ్చి లేపుతాను.

నువ్వు మర్చిపోయావేమో. ఆ రోజు మీ గుమ్మంలో వాణ్ణి వదిలేసి వెళ్తుంటే, అరవలేదు, వెనక రాలేదు. "కూర్చో, వస్తాను" అన్నాను. కూర్చున్నాడు. సందు మలుపు తిరిగేటప్పుడు చూశాను, అలాగే కూర్చునున్నాడు. వాడికి మాటిచ్చాను అక్కా. నేను రాకుండా వాడు పోవడానికి వీల్లేదు.

చెల్లి


ఆగస్టు 29

చెల్లీ,

నువ్వు వద్దన్నావు కాబట్టి ఇవ్వలేదు. ఇవ్వకపోతే ఎలా ఉంటుందో రాస్తాను, కదలకుండా కూర్చుని చదువు. కట్ల గదిలో ఎన్నో చూశావుగా, ఇది కూడా చూడు.

నీళ్ళ గిన్నె మూతికి జానెడు దూరంలో పెడితే దాని వైపు చూస్తాడు, లేవడు. మేమే తల ఎత్తి పట్టుకుని తాగించాలి. పడుకున్న చోటే తడిపేసుకుంటాడు. వాడికి సిగ్గే! షాపులో ఒక్కనాడు కూడా గచ్చు తడపనివాడు, ఇప్పుడు మేము గుడ్డలు మారుస్తుంటే మొహం గోడ వైపు తిప్పేసుకుంటాడు. పట్టీ వేసి లేపితే అరుస్తాడు. అరిచి, అరిచానే అన్నట్టు నా చెయ్యి నాకుతాడు. ఆ నాకినప్పుడు నాకు నిన్ను చంపాలనిపిస్తుంది.

మీ బావ రోజంతా కింద చాప మీద వాడి పక్కనే కూర్చుంటున్నారు. ఆయన మోకాళ్ళకి కిందకి కూర్చోవడమే గగనం, లేవడం నేను పట్టుకుంటే గానీ కాదు. ఒకళ్ళని లేపి రెండోవాళ్ళని లేపుతూ నేను మిషను ఎక్కి వారమైంది. నాకు విసుగు పుట్టి రాస్తున్నానని అనుకోకు. ఈ జనవరి దాకా కాదు, ఆ పై ఏడాది జనవరి దాకా అయినా లేపుతాను. నా రెక్కలు ఇంకా పడిపోలేదు.

ఒక ప్రాణి కళ్ళ ముందు మూలుగుతుంటే చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళ ప్రేమ నమ్మనని రాశావు. అప్పుడు నా చేతులు కట్టింది డాక్టరమ్మ. ఇప్పుడు కట్టింది నువ్వు. నువ్వు మాటిచ్చావు, నిజమే. వాడు నిలబెట్టుకోవాల్సిన మాట ఏముందే అందులో? కూర్చోమన్నావు, ఏణ్ణర్థంగా కూర్చునే ఉన్నాడు. ఇంకా ఎవరి కోసం కూర్చోవాలి? వాడి కోసమా, నీ కోసమా? ఈ ఒక్కదానికి జవాబు రాయి, తిట్లు తరవాత రాద్దువు గాని.

నీ అక్క


సెప్టెంబరు 7

అక్కా,

నీ ఉత్తరం కట్ల గదిలోనే నిలబడి చదివాను. చేతులు ఊరుకోక ట్రే ఎత్తి కింద కొట్టాను. మేట్రను వచ్చింది, ఆవిడ మీద కూడా అరిచాను. సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళి సెలవు అడిగాను. "కుక్క కోసమా?" అని నవ్వాడు. ఉద్యోగం మానేస్తానన్నాను. మానేసినా సరుకుల లారీ తప్ప ఇక్కణ్ణించి దారి లేదు, పైగా వానలకి వంతెన కొట్టుకుపోయి అది కూడా ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నాడు. ఈ ఉత్తరం కాలినడకన అవతలి ఒడ్డుకి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపుతున్నాను. నది దాటించరా అని వాళ్ళని అడిగాను. నడుం లోతు నీళ్ళ వడి చూపించి, తాడు పట్టుకుని తామే కష్టంగా దాటుతున్నామన్నారు.

నీ మీద కోపం పోలేదు. బావ మీద పోలేదు. ఈ దుమ్ము మీద, ఆ గుమాస్తా మీద, అందరి మీదా ఉంది. నా మీద ఎంత ఉందో రాయడం మొదలుపెడితే కాగితం చాలదు. నువ్వడిగినదానికి జవాబు నాకు తెలుసు, నీకూ తెలుసు. నా చేత చెప్పించకుండా ఉండలేకపోయావు.

డాక్టరమ్మ మందు మొదలుపెట్టండి. ఇది అందగానే మొదలుపెట్టండి, ఇంకో ఉత్తరం కోసం చూడొద్దు. నడిచినంత దూరం నడవనివ్వండి. డిపోకి వెళ్తానంటే వెళ్ళనివ్వండి. అడ్డం చెప్పకు.

ఇది గట్టిగా చదువు, వాడి పక్కన కూర్చుని చదువు. నీ గొంతుతో అయితే తిడుతున్నావనుకుంటాడు, బావని చదవమను. నా కోసం ఆగక్కర్లేదని వాడికి చెప్పమను.

చెల్లి